పదకొండున్నర అడుగుల ఎత్తున ఒక మేకు

మాస్కో అనగానే మనకి రష్యానే గుర్తొస్తుంది. కానీ అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో కూడా ఒక మాస్కో ఉంది. చిన్న ఊరు. యూనివర్సిటీ ఆఫ్ ఇడాహో ఉండేది అక్కడే. ఆ ఊళ్ళో కార్నర్ క్లబ్ అని ఒక బార్. 1963లో ఆ బార్‌లో ఒక స్టూడెంట్ నిలబడ్డ చోటు నుంచే పైకి ఎగిరి, చెయ్యి ఎంత ఎత్తుకి అందిందో చూపించాడట. ఓనరు సరిగ్గా అక్కడ ఒక మేకు కొట్టించాడు. నేల నుంచి ఆ మేకు ఎత్తు 11 అడుగుల 6 అంగుళాలు.

బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు 10 అడుగులు. అంటే రింగు మీద ఇంకో అడుగున్నర! ఆ తర్వాత ఎంతమంది ఎగిరి చూశారో లెక్కలేదు. 23 ఏళ్ళు ఆ మేకు ఎవరికీ అందలేదు. 1986లో కాలేజ్ ఆఫ్ సదరన్ ఇడాహో నుంచి వచ్చిన జోయీ జాన్సన్ అనే కుర్రాడు దాన్ని అందుకున్నాడు. మేకు కొట్టించిన మనిషి పేరు గస్ జాన్సన్. ఇంటిపేరు ఒకటే గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు.

ఎన్‌బీఏ అంటే మనలో చాలామందికి మైకేల్ జోర్డాన్ దగ్గర మొదలవుతుంది. గస్ జాన్సన్ అంతకు ముందు తరం. 1960లలో, 70ల మొదట్లో బాల్టిమోర్ బుల్లెట్స్ టీమ్‌కి ఆడాడు. ఆ రోజుల్లో అతని పేరు తెలియని బాస్కెట్‌బాల్ అభిమాని ఉండడు. నాకు అతని జీవితం మీద ఆసక్తి పుట్టడానికి కారణం మాత్రం చాలా లోకల్. ప్రతి ఏడాదీ మన కాలేజీ ట్రయల్స్‌లో ఏం చేస్తాం? జూనియర్స్‌ని ఎత్తు ప్రకారం నిలబెడతాం. పొడుగువాళ్ళు బోర్డు కిందకి, పొట్టివాళ్ళు డ్రిబ్లింగ్‌కి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఈసారి ఆ లిస్టు రాసే సీనియర్స్‌లో నేనూ ఒకణ్ణి. అందుకే ఒక ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఉండాల్సినంత ఎత్తు లేనివాడు పవర్ ఫార్వర్డ్‌గా నిలబడగలడా? నిలబడగలడని ముందే ఎలా తెలుసుకోవాలి?

ఆట తెలియని ఫ్రెండ్స్ కోసం రెండు ముక్కలు. బాస్కెట్‌బాల్‌లో ఒక్కో వైపు ఐదుగురు. ఇద్దరు గార్డులు బంతిని నడుపుతారు. సెంటర్ అంటే మామూలుగా అందరికంటే పొడుగు మనిషి. మిగిలిన ఇద్దరూ ఫార్వర్డ్‌లు. అందులో బోర్డు కింద బరువు పని చేసేవాడే పవర్ ఫార్వర్డ్. షాట్ మిస్ అయితే ఎదుటివాణ్ణి వీపుతో తోసి పెట్టి చోటు కాపాడుకోవాలి, బంతి బోర్డుకి తగిలి వస్తుంటే గాల్లోనే లాక్కోవాలి. దాన్నే రీబౌండ్ అంటాం. ఈ పేరు బాగా వాడుకలోకి వచ్చింది తర్వాతి కాలంలో గానీ, పని మాత్రం మొదటి నుంచీ ఉన్నదే. గస్ లీగ్‌లో ఆడిన తొలి రోజుల్లో ఆ పనికి కొలబద్దలు బాబ్ పెటిట్, జెర్రీ లూకాస్ లాంటివాళ్ళు. పెటిట్ 6 అడుగుల 9 అంగుళాలు, లూకాస్ 6 అడుగుల 8. మన గస్ 6 అడుగుల 6 అంగుళాలు.

మన వీధిలో నడిస్తే 6 అడుగుల 6 అంగుళాల మనిషిని జనం ఆగి చూస్తారు. బోర్డు కింద మాత్రం అతనే పొట్టివాడు. రెండు మూడు అంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఒకే బంతి కోసం ఒకేసారి చెయ్యి చాపితే వేలి కొసల దగ్గర తేలేది ఆ రెండు మూడు అంగుళాల లెక్కే.

గస్ 1938 డిసెంబరు 13న ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్‌లో పుట్టాడు. టైర్ల ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు అది. హైస్కూల్‌లో అతని టీమ్‌మేట్ ఒకతను ఉన్నాడు, పేరు నేట్ థర్మండ్. ఇద్దరూ ఒకే స్కూల్ కోర్టులో ఎదిగినవాళ్ళే. థర్మండ్ 6 అడుగుల 11 అంగుళాల దాకా పెరిగాడు. గస్ 6 అడుగుల 6 దగ్గర ఆగిపోయాడు.

స్కూల్ తర్వాత గస్ దారి తిన్నగా సాగలేదు. యాక్రన్ యూనివర్సిటీలో చేరాడు, నిలవలేదు. కొన్నేళ్ళు క్లబ్ టీమ్‌లతో గడిచిపోయాయి. ఆ తర్వాత ఎక్కడో పడమటి వైపు బోయిసీ జూనియర్ కాలేజీలో తేలాడు. అక్కణ్ణుంచి కోచ్ జో సిప్రియానో దగ్గరికి, ఇడాహో యూనివర్సిటీకి వచ్చాడు. అక్కడ ఆడింది ఒక్కటే సీజన్, 1962-63. ఆ ఒక్క సీజన్‌లో ఆటకి సగటున 19 పాయింట్లు, 20.3 రీబౌండ్లు. టీమ్ 20 ఆటలు గెలిచి, 6 ఓడింది. హనీకోంబ్, అంటే తేనెపట్టు, అనే ముద్దుపేరు కాలేజీ రోజుల్లోనే వచ్చింది. మేకు కథ కూడా అప్పటిదే.

ఇప్పుడు మీరు ఒక ఎన్‌బీఏ టీమ్ తరఫున ఆటగాళ్ళని ఎంచే మనిషి అనుకోండి. 1963 డ్రాఫ్ట్. మీ ముందు ఒక కాగితం. అందులో ఇలా ఉంది. వయసు 24 దాటింది, డిసెంబరుకి 25. పెద్ద కాలేజీ ఆట ఒక్క ఏడాదే ఆడాడు, అదీ పెద్ద పెద్ద టీమ్‌లకి దూరంగా ఇడాహోలో. ఎత్తు 6 అడుగుల 6. రీబౌండ్లు ఆటకి 20. ఈ చివరి నంబరుని నమ్మాలా వద్దా?

అనుమానానికి కారణం ఉంది. ఆ కాలంలో ఆట వేగం ఎక్కువ, షాట్లు ఎక్కువ, మిస్ అయ్యేవీ ఎక్కువ. అన్ని మిస్‌లు ఉన్నప్పుడు అందరి రీబౌండ్ లెక్కలూ ఉబ్బుతాయి. పైగా చిన్న ఊళ్ళో, తనకంటే పొట్టివాళ్ళ మధ్య లాక్కున్న బంతులు పెద్ద లీగ్‌లో దొరుకుతాయని ఏంటి గ్యారంటీ? అదే డ్రాఫ్ట్‌లో స్కూల్‌మేట్ థర్మండ్ మొదటి రౌండ్‌లోనే వెళ్ళిపోయాడు. గస్‌ని రెండో రౌండ్‌లో, మొత్తం మీద పదో ఆటగాడిగా, షికాగో జెఫర్స్ టీమ్ తీసుకుంది. సీజన్ మొదలయ్యేలోపే ఆ టీమ్ బాల్టిమోర్‌కి మారి బుల్లెట్స్ అయిపోయింది.

కోచ్ బాబ్ లెనార్డ్ గస్‌ని ఫార్వర్డ్‌గా దించాడు. మొదటి సీజన్‌లో ఆటకి 17 పాయింట్లు, 13కి పైగా రీబౌండ్లు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు జెర్రీ లూకాస్‌కి వెళ్ళింది గానీ, కొత్తవాళ్ళలో టాప్ ఐదుగురి టీమ్‌లో గస్ ఉన్నాడు. పక్కనే థర్మండ్ కూడా ఉన్నాడు. ఒకే స్కూల్ నుంచి ఇద్దరు!

ఎలా సాధ్యమైంది? నాకు అర్థమైనంతలో చెబుతాను. ఎత్తు అనేది నిలబడి కొలిచే నంబరు. రీబౌండ్ గాల్లో జరిగే పని. తల ఎంత ఎత్తులో ఉందన్నది బంతికి అనవసరం. చేతివేళ్ళు ఎంత ఎత్తుకి, ఎంత త్వరగా చేరాయన్నదే దానికి కావాలి. గస్ దగ్గర పొడుగు చేతులు ఉన్నాయి, ఆ ఎగురు ఉంది, కింద చోటు కాపాడుకోవడానికి 230 పౌండ్ల, అంటే సుమారు 104 కిలోల కండ ఉంది. మామూలుగా ఇవన్నీ ఒకే మనిషిలో దొరకవు. బాగా ఎగిరేవాళ్ళు తేలిగ్గా ఉంటారు, వాళ్ళని తోసేయొచ్చు. బరువున్నవాళ్ళని తోయలేం గానీ వాళ్ళు ఎగరలేరు. గస్‌ని తోయడమూ కష్టమే, అతని మీద నుంచి ఎగరడమూ కష్టమే.

ఇంకొకటి డిఫెన్స్. పొట్టి పవర్ ఫార్వర్డ్ మీద అందరికీ ఉండే భయం ఏంటంటే, ఎదుటి టీమ్ పొడుగువాడు ఇతని తల మీద నుంచి షాట్లు వేసేస్తాడని. గస్ విషయంలో లెక్క తిరగబడింది. ఎదుటి ఫార్వర్డ్‌లనే కాదు, ఆస్కార్ రాబర్ట్‌సన్ లాంటి గార్డ్‌ని పట్టుకోవడానికి కూడా గస్‌నే పంపేవాళ్ళు. అంగుళాలు తక్కువ కావడం వల్ల కాళ్ళ కదలికలో వచ్చిన లాభం అది. 1970లోనూ 1971లోనూ లీగ్‌లో అత్యుత్తమ డిఫెండర్ల మొదటి టీమ్‌లో అతని పేరుంది. ఐదుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. నాలుగుసార్లు లీగ్ మొత్తం మీద రెండో ఉత్తమ టీమ్‌లో చోటు దక్కింది.

చూడ్డానికి కూడా మనిషి వేరే లెవెల్. ముందు పంటికి బంగారు నక్షత్రం పెట్టించుకున్నాడు. డంక్ చేస్తూ మూడుసార్లు గాజు బ్యాక్‌బోర్డులు పగలగొట్టాడు. మన మెకానికల్ వాళ్ళకి ఇది ఆసక్తిగా ఉంటుంది. అప్పటి రింగులు బోర్డుకి గట్టిగా బిగించి ఉండేవి. రింగు మీద పడ్డ బరువంతా తిన్నగా గాజుకే వెళ్ళేది. స్ప్రింగు మీద కిందకి వంగి మళ్ళీ పైకి లేచే రింగులు ఎన్‌బీఏలోకి వచ్చింది 1980ల మొదట్లోనే. అప్పటికి గస్ ఆట మానేసి చాలా ఏళ్ళయింది.

1968లో బుల్లెట్స్‌కి వెస్ అన్‌సెల్డ్ వచ్చాడు. అతనిదీ ఇదే కథ. సెంటర్ అట, ఎత్తేమో 6 అడుగుల 7! అప్పటికి విల్ట్ చాంబర్లిన్ లాంటి 7 అడుగుల సెంటర్లు తిరుగుతున్న లీగ్ అది. అన్‌సెల్డ్ మొదటి ఏడాదే లీగ్ అత్యుత్తమ ఆటగాడు అయిపోయాడు. ఇలా బుల్లెట్స్ బోర్డు కింద ఉన్న ఇద్దరూ ఆ పనికి పొట్టివాళ్ళే. 1970-71 సీజన్‌లో ఈ ఇద్దరి లెక్క చూస్కోండి. గస్ ఆటకి 17.1 రీబౌండ్లు, అన్‌సెల్డ్ 16.9. ఇద్దరూ కలిపి ఆటకి 34. అప్పటికి గస్ వయసు 32. ఉబ్బిన నంబర్లని తీసేద్దామన్నా ఇక్కడ కుదరదు. ఎందుకంటే ఇవి ఇడాహోలో వచ్చినవి కావు, థర్మండ్, చాంబర్లిన్ ఉన్న లీగ్‌లో వచ్చినవి.

ఆ కాలంలో బుల్లెట్స్‌కి న్యూయార్క్ నిక్స్‌తో పెద్ద వైరం. నిక్స్ పవర్ ఫార్వర్డ్ డేవ్ డిబుషర్. అతని ఎత్తు కూడా 6 అడుగుల 6 అంగుళాలే! లీగ్‌లోనే గట్టి పోటీ అని జనం ఎగబడి చూసిన ఆటల్లో, బోర్డు కింద కొట్టుకున్న ఇద్దరూ కాగితం మీద ఆ పనికి సరిపోని వాళ్ళే. 1971లో బుల్లెట్స్ ఏడో ఆట దాకా లాగి, న్యూయార్క్‌లోనే నిక్స్‌ని 93-91తో ఓడించి ఫైనల్స్‌కి వెళ్ళింది.

ఇక్కడిదాకా చదివితే ఇది మోటివేషన్ వీడియోలా ఉంది కదా. ఎత్తు ముఖ్యం కాదు, పట్టుదల ఉంటే చాలు అని. అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ఫైనల్స్‌లో మిల్వాకీ బక్స్ బుల్లెట్స్‌ని 4-0తో ఊడ్చేసింది. మోకాళ్ళ వల్ల గస్ ఆ ప్లేఆఫ్స్‌లో చాలా ఆటలకి బెంచీకే పరిమితం అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1968-69లో, బుల్లెట్స్ 57 ఆటలు గెలిచి లీగ్‌లో అందరికంటే పైన నిలిచింది. ఆ ఏడాదీ గస్ మోకాలి గాయంతో 49 ఆటలే ఆడాడు, ప్లేఆఫ్స్‌కి లేనే లేడు. నిక్స్ చేతిలో 4-0. టీమ్ బాగా కుదిరిన రెండు సీజన్లలోనూ అతి ముఖ్యమైన రోజుల్లో ఆ మోకాళ్ళే లేకుండా పోయాయి.

కొంచెం ఫిజిక్స్ వేసి చూద్దాం. ఇది నా ఉజ్జాయింపు లెక్క. అంత ఎత్తున్న మనిషి చెయ్యి పైకెత్తితే సుమారు 8 అడుగుల 9 అంగుళాలు అందుతుంది అనుకుందాం. మేకు 11 అడుగుల 6. తేడా 2 అడుగుల 9 అంగుళాలు, అంటే 0.84 మీటర్లు. 104 కిలోల మనిషి అంత ఎత్తు నుంచి దిగితే మోయాల్సిన శక్తి దాదాపు 850 జౌళ్ళు. మోకాళ్ళు వంచుతూ ఆ వేగాన్ని 28 సెంటీమీటర్ల దూరంలో ఆపాడనుకుంటే, కాళ్ళ మీద పడే బలం సగటున శరీరం బరువుకి నాలుగు రెట్లు. ఒంటికాలి మీద దిగితే ఆ నాలుగు రెట్లూ ఒక్క మోకాలి మీదే. ప్రతి ఎగురూ ఇంత ఎత్తు ఉండదు, నిజమే. కానీ రాత్రికి ఎన్ని ఎగుళ్ళు, సీజన్‌కి ఎన్ని రాత్రులు, అదీ అప్పటి బూట్లతో, అప్పటి వైద్యంతో!

6 అడుగుల 9 అంగుళాలవాడు చెయ్యి చాపి తీసుకునే బంతిని 6 అడుగుల 6 అంగుళాలవాడు ఎగిరి తీసుకోవాలి. రెండూ స్కోర్ షీట్‌లో ఒకే రీబౌండ్‌గా పడతాయి. ఖర్చు మాత్రం ఒకటి కాదు. తక్కువైన మూడు అంగుళాలని గస్ ప్రతి ఆటలోనూ మోకాళ్ళ నుంచి అప్పు తెచ్చి కట్టాడు. 1963లో అతన్ని తూచినవాళ్ళు ఆడగలడా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగారు. దాని పక్కన రాసుకోవాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. ఎన్నేళ్ళు ఆడగలడు, దేన్ని ఖర్చు పెట్టి?

1971-72లో 39 ఆటలే ఆడగలిగాడు. ఆ తర్వాత బుల్లెట్స్ అతన్ని ఫీనిక్స్ సన్స్‌కి ఇచ్చేసింది. వాళ్ళు సీజన్ మధ్యలోనే వదిలేశారు. అప్పుడు పిలిచింది ఎవరో తెలుసా? బాబ్ లెనార్డ్. బాల్టిమోర్‌లో తొలి ఏడాది గస్‌ని దించిన కోచే. ఇప్పుడు ఏబీఏ అనే పోటీ లీగ్‌లో ఇండియానా పేసర్స్‌కి కోచ్. 1973లో పేసర్స్ ఛాంపియన్స్ అయ్యింది. బెంచీ నుంచి వచ్చి కొన్ని నిమిషాలు ఆడే ముసలి ఫార్వర్డ్‌గానే అయినా, గస్ చేతికి ఒక టైటిల్ దక్కింది. అక్కడితో ఆట అయిపోయింది. లేటుగా మొదలై, త్వరగా ముగిసింది. మొత్తం పదేళ్ళు.

1986 డిసెంబరులో బుల్లెట్స్ అతని 25వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించింది. అప్పటికే గస్‌కి మెదడులో కణితి, ఆపరేషన్‌కి లొంగనిది. 1987 ఏప్రిల్ 29న పుట్టిన ఊరు యాక్రన్‌లోనే చనిపోయాడు. 48 ఏళ్ళు. ఆ సీజన్‌లోనే ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ రీబౌండ్లు సగటున తీసినవాడు ఎవరో చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. చార్లెస్ బార్క్‌లీ, ఆటకి 14.6. రికార్డుల్లో 6 అడుగుల 6 అంటారు గానీ నిజానికి అంత కూడా లేడు. పొజిషన్, పవర్ ఫార్వర్డ్.

గస్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం 2010లో వచ్చింది, చనిపోయిన 23 ఏళ్ళకి. అదే ఏడాది అదే వేదిక మీద 6 అడుగుల 9 అంగుళాల పవర్ ఫార్వర్డ్ కార్ల్ మలోన్‌కి కూడా గౌరవం దక్కింది. మరణం తర్వాత ఆ ఏడాదే గౌరవం అందుకున్న ఇంకొకరు డెనిస్ జాన్సన్. మాస్కోలో ఆ మేకుని అందుకున్న జోయీ జాన్సన్ ఉన్నాడే, అతనికి డెనిస్ అన్నయ్య!

2012లో డ్రేమండ్ గ్రీన్ కూడా ఇలాగే రెండో రౌండ్ దాకా ఆగాల్సి వచ్చింది, 35వ ఆటగాడిగా. అతనిదీ దాదాపు అదే ఎత్తు. అంటే యాభై ఏళ్ళ తర్వాత కూడా టేపు చూపించిన నంబరే ముందు కనబడుతోంది. కాస్త మార్పు మాత్రం వచ్చింది. ఇప్పుడు ఎన్‌బీఏలో బూట్లు విప్పి ఎత్తు కొలుస్తున్నారు. డ్రాఫ్ట్‌కి ముందు చేతుల పొడవు, నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తు, ఎగిరితే అందే ఎత్తు విడివిడిగా రాస్తున్నారు. కార్నర్ క్లబ్ ఓనరు 1963లో ఒక మేకుతో చేసిన పని అదే.

ఇక మన ట్రయల్స్ సంగతి. ఎత్తు తక్కువైనా బోర్డు కింద ఆడతానని ఎవరైనా వస్తే నేను చూడబోయేవి నాలుగు. ఎగిరితే చెయ్యి ఎక్కడిదాకా అందుతోంది. తనకంటే పొడుగువాడు వీపుతో నెడుతుంటే చోటు వదులుతున్నాడా, నిలబడుతున్నాడా. తనకంటే చురుకైన గార్డు ఎదురైతే కాళ్ళు కదులుతున్నాయా. ఈ మూడింటిలో రెండు ఉన్నా అతన్ని ఎత్తు లైన్‌లోంచి తీసి బోర్డు కింద పెడతాను. నాలుగోది అతను నేలమీదకి ఎలా దిగుతున్నాడన్నది. రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి దిగడం రాకపోతే ముందు అదే నేర్పాలి. రీబౌండ్లు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.